కన్నెత్తినంతనే తెలియవలసినవి

కోస్తా తీరమున పుట్టి పెరిగినవారికి ఓడరేవుల ప్రమాద సూచికలను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. బంగాళాఖాతమున వాయుగుండము పడినదని వాతావరణ కేంద్రము నుండి కబురు రాగానే మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నము రేవులలో, ఒకటి మొదలు పదునొకటి వఱకు గల సంఖ్యలలో ఆనాటి తీవ్రతకు తగినదానిని ఎగురవేయుదురు. పగటివేళ శంకువులతోను గొట్టపు ఆకృతులతోను, రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములతోను స్తంభముపై నిలుచు ఆ సూచికను చూచి, అక్షరములు నేర్చినను నేర్వకున్నను, మత్స్యకారుడు పడవ దింపవలయునో, ఒడ్డుకు లాగి కట్టవలయునో తానే నిశ్చయించుకొనవలెనన్నది ఆ ఏర్పాటులోని ఉద్దేశము.

ఈ ఉద్దేశమే పాశ్చాత్య దేశములలో వేఱొక రూపమున వికసించినది. బోస్టను నగరమున పాత జాన్ హాన్‌కాక్ భవన శిఖరముపై 1950 నుండి వెలుగుచున్న దీపములు, నిలుకడ నీలముతో నిర్మలాకాశమును, నిలుకడ ఎఱుపుతో వర్షమును ఊరివారందఱకును తెలుపుచున్నవి. 1995 ప్రాంతమున కాలిఫోర్నియాలోని జిరాక్సు పరిశోధనాలయమున నాటలీ జెరెమిజెంకో యను కళాకారిణి ఎనిమిదడుగుల ప్లాస్టిక్ త్రాటిని చిన్న మోటారుకు వ్రేలాడదీసి, కంప్యూటర్ల నడుమ సమాచారము సాగినకొలది అది చలించునట్లు చేసెను. యంత్రము మన దృష్టి అంచున మసలి, అవసరమైనప్పుడు మాత్రమే ముందునకు రావలెనని అక్కడి శాస్త్రజ్ఞుడు మార్క్ వైజర్ బోధించుచుండెను. 2002లో యాంబియెంట్ డివైసెస్ సంస్థ రంగులు మార్చు గాజు గోళమును విపణిలోనికి తెచ్చెను. విద్యుత్తుకు గిరాకి మిక్కుటమైన వేళలందు వాడకము తగ్గింపుడని దక్షిణ కాలిఫోర్నియాలోని విద్యుత్ సంస్థ తరఫున ఫోను పిలుపులు, సందేశములు, ఈ-మెయిళ్లు పంపి చూచినను ఫలింపక, కొందఱు వినియోగదారుల యిండ్లలో ఆ గోళమునే ఉంచి, ఆ వేళలందు అది ఎఱ్ఱబడునట్లు చేయగా, వారు తమంత తాము వాడకము తగ్గించుకొనిరి. మాటలు చేయలేని పనిని మూలనున్న వర్ణము చేసినది!

చేతిలో ఫోనుండగా ఈ దీపములతో పనియేమి యని అడుగువారు కలరు. ఫోను మనలను పిలిచి, తెఱపించి, ఒక్క వార్తకై వెళ్లినవానిని పది వ్యాపకములలోనికి ఈడ్చును. అంతకంటె ముఖ్యముగా, అది కలవానికే చెప్పును, లేనివానికి చెప్పదు. వాతావరణ శాఖ జిల్లాలవారీ హెచ్చరికలను ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎఱుపు వర్ణములుగానే ప్రకటించుచున్నది. ఐనను ఆ వర్ణము మనకు చేరునది అక్షర రూపముననే! భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75 అడుగులు దాటిన వఱదను, 2022 జులైలో 71 అడుగులు దాటిన దానిని చూచిన ఆ ఊరియందు, మూడు మెట్ల ఈ హెచ్చరికను మూడు వర్ణములుగా ఎత్తైన చోట వెలిగించినచో, అర్ధరాత్రి మేల్కొన్న వృద్ధురాలు సైతము వాకిట నిలిచి నది సంగతి తెలిసికొనగలదు.

ఐనను ఇందు జాగ్రత్త వలయును. 2005లో ఫ్రాన్సున వెలసిన నబాజ్‌టాగ్ అను కుందేటి బొమ్మ, చెవుల కదలికలతోను దీపములతోను వార్తలు తెలుపుచుండి, 2011లో ఎక్కడనో సర్వరు నిలిపివేయగానే వేలాది యిండ్లలో ఒక్కసారిగా మూగబోయినది. ప్రాణరక్షణకు సంబంధించిన దీపము దూరమందలి వ్యాపార సంస్థ దయపై ఆధారపడరాదు. ఎఱుపు, ఆకుపచ్చల భేదము గుర్తింపలేనివారికై రేవు సూచికలవలె ఆకారమందును భేదముండవలెను. అన్నిటికంటె ముఖ్యము, క్షేమము నాడును దీపము వెలుగుచుండవలెను. కానిచో, చెడిపోయి ఆరినదో, అపాయము లేక ఆరినదో జనులకెట్లు తెలియును?

దీనికి గొప్ప వ్యయము అక్కఱలేదు. తీరమున తుపాను రక్షిత భవనములున్నవి. గ్రామమున మంచినీటి ట్యాంకు లున్నవి. ఒక్కొక్క దీపమునకు బాధ్యుడెవ్వడో, విద్యుత్తు పోయిన రాత్రి బ్యాటరీ ఎన్ని గంటలు నిలువవలయునో ప్రభుత్వములు ముందుగా వ్రాసి, వచ్చు వానకాలమునకు లోపల భద్రాచలముననే మొదటి దీపమును నిలుపవలెను.