బయటికి దారేదీ?

"100 జీబీ ఉచితం" అన్న మాట ఈ మధ్య రీఛార్జి ప్లాన్లతోపాటే వస్తోంది. 2024 ఆగస్టులో జియో ఆ మాట అంది. 2025 మేలో ఎయిర్‌టెల్ తన పోస్ట్‌పెయిడ్, వైఫై కస్టమర్లకు గూగుల్ వన్ 100 జీబీని ఆరు నెలలు ఉచితంగా ఇస్తామంది. ఆ తర్వాత నెలకు 125 రూపాయలు. అదే ఏడాది అక్టోబరులో జియో, గూగుల్ కలిసి ఏకంగా 2 టీబీని 18 నెలలకు ప్రకటించాయి. ఈ గడువులు ఊరికే పెట్టినవి కావు. ఇంటిల్లిపాది ఫొటోలు, వీడియోలు, పిల్లల మార్కుల జాబితాలు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ ఎక్కేయడానికి ఆ వ్యవధి చక్కగా సరిపోతుంది. ఎక్కినవాటిని దించుకోవడం ఎంత పనో తెలిశాక జనం మారుమాట్లాడకుండా నెలనెలా కడతారు. దీన్ని ఎర అంటారు. ఇంకో పేరు పెట్టి మర్యాద చేయాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

అందుకే క్లౌడ్ స్టోరేజీ ఎంచుకునేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను: ఎంత పడుతుందని అడక్కండి. పెట్టినదంతా తిరిగి ఎలా వస్తుందని అడగండి. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని సర్వీసు ఎన్ని టీబీలిచ్చినా వద్దు.

ఇచ్చిన మాట మీద నిలబడతారన్న భరోసా మనకెవరిచ్చారు? 2015 మేలో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకోమన్నారు. ఆ జులైలోనే గోదావరి పుష్కరాలు. రాజమండ్రి రేవుల్లో తీసుకున్న ఫొటోల దగ్గర్నుంచి పెళ్లిళ్లు, బారసాలలు, గృహప్రవేశాలు, అన్నీ అందులోకే పోయాయి. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగిపోయింది. పాతవాటిని లెక్కలో వేయలేదు, నిజమే. కానీ అప్పటికే ఇంటి ఆల్బమ్ మొత్తం అక్కడ చేరింది, దాన్ని వదిలి ఎవరు కదలగలరు? కొత్త ఫొటోలు మెయిలుతో, డ్రైవ్‌తో కలిపి 15 జీబీలో సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఆ 15 జీబీలోనే పడుతోంది. మైక్రోసాఫ్ట్ అయితే 2015లోనే తన అపరిమిత స్టోరేజీ మాటను వెనక్కి తీసుకుంది, ఉచితంగా ఇచ్చే 15 జీబీని 5కు కోస్తామంది. అమెజాన్ డ్రైవ్ 2023 డిసెంబరు 31న దుకాణమే కట్టేసింది.

అన్నిటికన్నా నా కడుపు మండేది పెద్దవాళ్లకు జరిగేది చూసి. కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడే ఓ జీమెయిల్ ఐడీ తెరుస్తాడు, తనకు తోచిన పాస్‌వర్డ్ కొడతాడు, బ్యాకప్ ఆన్ చేసి చేతిలో పెడతాడు. ఆ పాస్‌వర్డ్ పెద్దాయనకూ తెలియదు, కొడుక్కూ తెలియదు. కొన్నాళ్లకు ఫోన్ నిండిపోతుంది. ఫోన్లో జాగా ఖాళీ చేయమంటారా అని గూగుల్ ఫొటోస్ యాప్ అడుగుతుంది. ఆయన సరే నొక్కుతాడు. ఆ నొక్కుతో ఫోన్లోని అసలు ఫొటోలు పోయి, క్లౌడ్‌లోవి మాత్రమే మిగులుతాయి. నెట్ ఉన్నంతసేపూ అవి తెరమీద ఎప్పట్లాగే కనిపిస్తుంటాయి కాబట్టి పోయిన సంగతి ఎవరికీ తెలియదు. ఫోన్ పగిలో, నీళ్లలో పడో కొత్తది కొన్న రోజున పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆయన భార్య ఫొటోలన్నీ ఆ పాస్‌వర్డ్ వెనకే ఉండిపోతాయి. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది కూడా. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ యాప్‌లో ఒక ఫొటో డిలీట్ చేస్తే ఫోన్లోదీ క్లౌడ్‌లోదీ కలిసే పోతాయి. 60 రోజులు ట్రాష్‌లో ఉండి ఆ తర్వాత పూర్తిగా మాయమవుతాయి. ఒకటి పోతే రెండోదీ పోయే ఏర్పాటును నమ్ముకుని నిశ్చింతగా ఉండమని ఆ పెద్దాయనకు ఎవరు చెప్పారు? చెప్పినవాళ్లది తప్పు కాదా?

పాస్‌వర్డ్ గుర్తుంటే చాలనీ అనుకోకండి. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, డాక్టరుకు చూపించడానికి జబ్బుపడ్డ తన పసివాడి ఫొటో తీశాడు. గూగుల్ యంత్రం దాన్ని పిల్లల మీద అఘాయిత్యంగా లెక్కగట్టింది. ఖాతా మూతపడింది. మెయిళ్లు, ఫొటోలు, చివరికి ఫోన్ నంబరు కూడా పోయింది. పోలీసులు విచారించి నేరమేమీ లేదన్నారు. అయినా ఖాతా తిరిగి రాలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఈ కథ బయటపెట్టాక కూడా కంపెనీ తన నిర్ణయం సరైనదేనంది. పోలీసులు వదిలేసిన మనిషిని కంపెనీ వదల్లేదు! మెయిలు, ఫొటోలు, ఆస్తి కాగితాలు అన్నీ ఒకే ఖాతాలో పెట్టడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా ఏం కావాలి?

ప్రభుత్వాలైనా, సంస్థలైనా అన్నీ ఒకేచోట పెట్టుకుంటే ఇదే ప్రమాదం. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే క్లౌడ్‌లో 858 టీబీ బూడిదైంది. బయట ఎక్కడా కాపీ లేదు. అంతకుముందు ఏడాది మేలో ఆస్ట్రేలియా పెన్షన్ సంస్థ యూనిసూపర్ ఖాతాను గూగుల్ క్లౌడ్ పొరపాటున తుడిచేసింది. వాళ్లు వేరే సంస్థ దగ్గర కూడా కాపీ ఉంచుకున్నారు కాబట్టి కోలుకున్నారు.

కాబట్టి ఎంచుకోవడానికి ముందే ఇంట్లో ఒక హార్డ్ డిస్క్ కొనండి. క్లౌడ్‌లో ఉన్నది రెండో కాపీయే కావాలి, ఏకైక కాపీ కాకూడదు. ఆ తర్వాత డబ్బు కట్టే సర్వీసు చూడండి. ఉచిత గడువు అయ్యాక ఎంతవుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. చేరిన మొదటి వారంలోనే ఒక ఫోల్డరు ఎక్కించి, మొత్తం వెనక్కి దించి చూడండి. గూగుల్‌లో దానికి టేకౌట్ ఉంది. కానీ దించినప్పుడు మీరు అక్కడ రాసుకున్న వివరాలు, సరిదిద్దుకున్న తేదీలు ఫొటోలో ఉండవు, పక్కన విడి ఫైళ్లలో వస్తాయి. వేల ఫొటోలకు వేల ఫైళ్లు. ఆ చిక్కు ముందే తెలియాలి. ఆస్తి దస్తావేజులు, వైద్య రిపోర్టుల్లాంటివి పెట్టేటట్లయితే తాళం మీ దగ్గరే ఉండే సర్వీసు ఎంచుకోండి. ప్రోటాన్ డ్రైవ్, ట్రెసోరిట్ అలాంటివి. ఫైలు మన ఫోన్లోనే తాళం పడి వెళుతుంది, కంపెనీ కూడా తెరవలేదు. పాస్‌వర్డ్, రికవరీ కోడ్ రెండూ పోతే ఆ ఫైళ్లను ఎవరూ తెరవలేరు. ఆ కోడ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మార్కుల జాబితాలు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివాటికి డిజిలాకర్ ఉంది. అవి జారీచేసిన శాఖ నుంచే వస్తాయి, కాబట్టి ఫొటో తీసి క్లౌడ్‌లో దాచే పనే లేదు.

ఇంత చేసినా పౌరుడి చేతిలో హక్కు లేకపోతే ఏం లాభం? 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులో, మన డేటాను మరో కంపెనీకి మార్చుకునే హక్కు ఉండేది. ఐరోపాలో అది 2018 మే నుంచే అమల్లో ఉంది. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన చట్టంలో ఆ హక్కు లేదు. తీసేశారు. మనం చనిపోతే మన తరఫున అడగడానికి నామినీని పెట్టుకునే వీలు మాత్రం ఇచ్చారు. 2025 అక్టోబరులో విశాఖపట్నానికి గూగుల్ 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించినప్పుడు తెలుగు నేతలు చప్పట్లు కొట్టారు. కొట్టనివ్వండి. కానీ డేటా సెంటర్ మన సముద్రం ఒడ్డునే ఉన్నా, అందులోంచి మన ఫొటోలు మనం తీసుకుపోయే హక్కు చట్టంలో ఎందుకు లేదని వాళ్లలో ఎవరైనా అడిగారా? ఓట్లడగడానికి వచ్చినప్పుడు మన ఎంపీలను ఈ ప్రశ్నే అడగాలి. ఆ క్లాజు తిరిగి పెడతారా, లేదా?