మగపిల్లల్ని గ్రౌండుకి పంపేశాక

ఈ మధ్య ఒక పల్లెటూరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలతో ఎదిగే వయసు గురించి మాట్లాడటానికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే టీచరుగారు మగపిల్లల్ని ఆడుకోమని గ్రౌండుకి పంపేశారు. నెలసరి, రక్తహీనత, న్యాప్‌కిన్లు అన్నీ చెప్పాం. పేర్లు లేకుండా ప్రశ్నలు రాయమంటే ఒక చీటీలో ఇలా ఉంది: "ఇష్టం లేదని చెప్పాను. అయినా రోజూ బస్టాపు దగ్గర నిలబడతాడు. ఇంట్లో చెబితే బడి మాన్పిస్తారు. ఏం చెయ్యాలి మేడమ్?"

బోర్డు మీద 1098 నంబరు రాశాను. ఏదో ధైర్యం చెప్పాను. అసలు వినవలసిన వాళ్ళు మాత్రం బయట కబడ్డీ ఆడుతున్నారు.

2008 డిసెంబరులో వరంగల్లో ప్రేమను కాదన్నందుకు ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు ఆ నెలాఖరుకు చనిపోయారు. దాడి జరిగిన కొద్దిరోజులకే ముగ్గురు నిందితులూ పోలీసు 'ఎన్‌కౌంటర్'లో చనిపోతే చాలామంది పండగ చేసుకున్నారు. ఆ పండగ నాకిప్పటికీ మింగుడుపడదు. కాదంటే ఊరుకోవాలని ఆ కుర్రాళ్ళకు ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా అని అడిగినవాళ్ళు ఎంతమంది?

2005లో కేంద్రం బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్ వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరు చెప్పి దాన్ని అడ్డుకున్నాయి. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాల్లో మనుషుల మధ్య సంబంధాలూ ఉన్నాయి, స్త్రీపురుష సమానత్వమూ ఉంది. నేను చూసిన బడుల్లో మాత్రం పాఠం న్యాప్‌కిన్ల దగ్గరే ఆగిపోతోంది.

మనమేమీ తక్కువ తినలేదు. మన శిక్షణ తరగతుల్లోనూ ఆడపిల్లలకు జాగ్రత్తల పేరుతో భయమే నేర్పుతున్నాం. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళ లోపు వారి సమ్మతిని గుర్తించదు. పదిహేడేళ్ళ పిల్ల ఇష్టపడి వెళ్ళినా అబ్బాయి మీద కేసు పెట్టవచ్చు. కులం దాటిన ప్రేమల మీద పెద్దలు ఈ చట్టాన్ని ఎలా వాడుతున్నారో మనకు తెలియంది కాదు. అయినా ఈ సంగతి పిల్లలకు చెప్పడానికి మనకే నోరు రాదు. ఫోను పాస్‌వర్డ్ అడగడం, ఎవరితో మాట్లాడావని నిలదీయడం ప్రేమ కాదు, పెత్తనమని కూడా చెప్పం.

వచ్చే నెల ఆ బడికి మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి మగపిల్లల్ని కూర్చోబెట్టడానికి హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు, 'ప్రేమ' అనే మాట వాడకూడదన్న షరతు మీద. నేనింకా సరేననలేదు. మాట్లాడుతున్నాను.