అంకె పెరిగితే అది జ్వరమేనా?

నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ నెలకొన్నది. పదవ తరగతి మార్కులే ప్రవేశానికి ఆధారం కనుక, మామిడి పిందెలు కాయలయ్యే వేళకు మన ఇళ్లలో పరీక్షల దిగులూ ముదురుతుంది. "పిల్లవాడికి తొంభై తొమ్మిదిన్నర ఉంది, జలుబు లేదు, దగ్గు లేదు. యాంటీబయాటిక్ వేయమంటారా డాక్టరుగారూ?" అని తల్లిదండ్రులు అడుగుతారు. వేయవద్దన్నదే నా అభిప్రాయం. కారణం ప్రయోగశాల ఎలుకలను చూస్తే బోధపడుతుంది.

చిట్టెలుకను చేతబట్టి థర్మామీటరుతో కొలిచి, పది నిమిషాల తరువాత మరల కొలవండి. రెండవసారి సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ అధికంగా కనబడుతుంది. ఏ సూక్ష్మక్రిమీ చేరలేదు. పట్టుకొని కొలవడమే దానికి భయకారణం! అందుచేతనే పరిశోధకులు ఉదరంలో చిన్న ప్రసార యంత్రాన్ని అమర్చి, జంతువును ముట్టకుండానే ఉష్ణోగ్రతను తెలుసుకుంటున్నారు.

భయం కలగగానే మెదడు సహానుభూత నాడులను ఉత్తేజపరుస్తుంది. వాటినుండి వెలువడే నార్‌అడ్రినలిన్ గోధుమవర్ణపు కొవ్వును మండించి వేడి పుట్టిస్తుంది. తోకలోని రక్తనాళాలను ముడిచి ఆ వేడిని బయటికి పోనీయదు. ఒత్తిడి అనగానే కార్టిసాల్‌ను నిందించడం నేటి వాడుక. ఎలుకలో ఆ పని చేసేది కార్టికోస్టిరాన్. అడ్రినల్ గ్రంథులు తొలగించిన ఎలుకకు క్రిమివిషం ఎక్కిస్తే జ్వరం మరింత తీవ్రమవుతుంది. అనగా ఆ హార్మోను జ్వరానికి కళ్లెమే గాని కొరడా కాదు.

బలమైన ఎలుక చేతిలో ఓడిన ఎలుకకు ఒళ్లు వేడెక్కితే, జ్వరాన్ని తగ్గించే ఇండోమెథసిన్ పనిచేయలేదు. ఆందోళనను అణచే డయాజెపామ్ పనిచేసింది. ఇది చదివి పిల్లలకు నిద్రమాత్రలు వేయకండి సుమా! మనిషి ఎలుక కాడు. పెద్దవారిలో ఆ కొవ్వు స్వల్పమే. అయినా పరీక్షకు ముందు విద్యార్థుల ఉష్ణోగ్రత కొంత పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది.

కనుక ఎండనపడి వచ్చిన బిడ్డను అరగంట నీడన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అప్పుడు కొలవండి. మూడు రోజులు దాటినా, నూట ఒకటి మించినా, బరువు తగ్గుతున్నా పరీక్ష చేయించవలసిందే, దిగులని సరిపెట్టుకోరాదు.

తోటలో కాయలు కోసే కూలీ సంగతి పూర్తిగా వేరు. మిట్టమధ్యాహ్నం ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. థర్మామీటరు కోసం వెదకక వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి, విసురుతూనే ఆసుపత్రికి తరలించండి.