రెండు 'ఓ'లు ఎగిరిపోయిన పద్దు
మొన్న మా వదిన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు పట్టుకుని కంగారుగా వచ్చింది. 'ఇదెవడు? నేనేం కొన్నాను?' అంది. చూస్తే ఫేస్‌బుక్ ఇంగ్లీషు స్పెల్లింగులోంచి రెండు 'ఓ'లు ఎగిరిపోయి, వెనక అర్థంకాని అక్షరాల గుంపు. నెలలో నాలుగుసార్లు, నాలుగు రకాల మొత్తాలు. దొంగ ఎవరో కాదు, ఆవిడ పచ్చళ్ల పోస్టును 'బూస్ట్' చేసి, అంటే డబ్బు కట్టే ప్రకటనగా మార్చి, ఆపడం మరిచిన సుపుత్రుడే! ప్రకటనల ఖర్చు పాలవాడి ఖాతా లాంటిది: రోజూ పద్దు పెరుగుతుంది, ఒక పరిమితికి చేరగానే కార్డు మీద పడుతుంది, మిగిలింది నెలవారీ బిల్లు తేదీన. అందుకే ఒక్క ప్రకటనకు అన్ని కోతలు. అయినా పేరు అర్థమయ్యేలా రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది? కిరాణా కొట్టు చీటీ మీద కూడా కొట్టు పేరు పూర్తిగా ఉంటుంది. ముందు ఇంట్లో అడగండి. యాడ్స్ ఖాతా బిల్లింగ్ పేజీలో తేదీ, మొత్తం సరిచూడండి. ఎవరిదీ కాదని తేలితే మాత్రం తాత్సారం వద్దు. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో ఆ బ్యాంకుకే ఫిర్యాదు చేస్తే నష్టం మీది కాదని 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. కార్డు బ్లాక్ చేయించి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.