కొన్న పుస్తకం ఎవరిది?

ఈ-రీడర్ కొనాలనుకుంటే మావారు బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుందని చూస్తారు, మా అమ్మాయి రంగు చూస్తుంది. నేనడిగేవి వేరు. బయట సంపాదించిన పుస్తకం అందులో తెరుచుకుంటుందా? అందులో కొన్నది బయటికి వస్తుందా?

చీర కొంటే అది నా బీరువాలో ఉంటుంది. చెల్లెలికిస్తాను, కూతురికి దాస్తాను. కొట్టువాడొచ్చి పట్టుకుపోడు కదా! 2009 జులైలో కిండిల్ ఉన్న కొందరికి అదే జరిగింది. ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' అమ్మినవాళ్ళకి హక్కుల్లేవని తేలేసరికి, అమెజాన్ ఆ కాపీల్ని జనం చేతుల్లోని మిషన్లలోంచి దూరాన్నుంచే తీసేసింది. డబ్బు వెనక్కిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. అయినా తీయగలదని తెలిసిపోయిందిగా. 2019లో మైక్రోసాఫ్ట్ పుస్తకాల దుకాణం మూసేసినప్పుడూ అంతే, డబ్బు వాపసు, పుస్తకాలు మాయం. 2025 ఫిబ్రవరిలో అమెజాన్, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపుకుని వైరుతో ఎక్కించుకునే వీలు కూడా ఎత్తేసింది.

మా అత్తయ్యగారు వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి బైండు చేయించుకున్నారు. ఇప్పుడవి మా అమ్మాయి చదువుతోంది. నేను కొన్న ఈ-పుస్తకాలు దాని కూతురి దాకా వెళ్తాయా? నా దిగులంతా ఇదే.

ఈపబ్ అనేది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఫార్మాట్. కోబో లాంటివి నేరుగా చదువుతాయి. కిండిల్‌కి మాత్రం 'సెండ్ టు కిండిల్' ద్వారా పంపాలి, అది తనకి కావలసినట్టు మార్చుకుంటుంది. ఈ సదుపాయమూ 2022లోనే వచ్చింది. అలాగని ఈపబ్ అన్న పేరు చూసి మురిసిపోకండి, దానికీ డీఆర్ఎం తాళం వేసి అమ్ముతారు.

తాళం లేకపోతే అందరూ కాపీ కొట్టేస్తారంటారు. తెలుగు రచయితలకి వచ్చేదే అంతంతమాత్రం, కాదనను. కానీ దొంగ కాపీకి తాళం ఉండదు, డబ్బిచ్చి కొన్న మనకే ఉంటుంది. ఇదేం న్యాయమండీ?

మన తెలుగుకి ఇంకో చిక్కుంది. పాత పుస్తకాలు చాలావరకూ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. ఆరంగుళాల తెర మీద అక్షరాలు చీమల బారులా ఉంటాయి. పెద్దవి చేస్తే పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. శుక్లాల కళ్ళతో అత్తయ్యగారికది అయ్యే పనేనా? ఈపబ్ అయితే అక్షరం పెంచినా వరుస దానంతటదే సర్దుకుంటుంది. కాబట్టి ప్రచురణకర్తలు యూనికోడ్‌లో, తాళం లేని ఈపబ్ ఇస్తే నేను పది రూపాయలు ఎక్కువైనా పెట్టి కొంటాను.

అప్పటిదాకా, తాళం లేని పుస్తకాల్ని ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మార్చడానికి క్యాలిబర్ ఉంది. మనవాడే, కోవిద్ గోయల్ మొదలుపెట్టాడు, ఉచితం. కంప్యూటర్లో వేసుకోండి, పుస్తకాల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో కూడా దాచండి. మా ఇంట్లో అది పోపులపెట్టె పక్క సొరుగులో ఉంటుంది.