పాటకు చోటు కట్టినవాళ్ళు

పాడినవాళ్ళ పేరు లోకం గుర్తు పెట్టుకుంటుంది. ఆ పాట పదిమంది నోట పలకడానికి ఏర్పాటు చేసినవాళ్ళ పేరు మాత్రం సొంత ఊళ్ళో కూడా మరుగున పడిపోతుంది. మదనపల్లెలో జరిగింది అదే. జాతీయగీతానికీ మన ఊరికీ సంబంధం ఉందని ఇక్కడి బడిపిల్లలందరికీ తెలుసు. రవీంద్రనాథ్ ఠాగూర్ బి.టి. కాలేజీకి వచ్చారనీ తెలుసు. ఆ పాటను స్వరాల్లో రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, తర్వాత ఏం చేశారు అని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. ఈ సంచికలో ఆమె గురించి మాట్లాడుకోవడం అవసరమని మేము అనుకుంటున్నాం. అది పాత ముచ్చట చెప్పుకుని మురిసిపోవడానికి కాదు. ఆమె అప్పుడు చేసిన పని ఇప్పుడు మన చుట్టూ చేసేవాళ్ళు లేక ఆగిపోయి ఉంది.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ దక్షిణాది పర్యటనలో భాగంగా మదనపల్లె వచ్చి, బీసెంట్ థియొసాఫికల్ (బి.టి.) కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. మార్గరెట్ ఆయన భార్య. ఒక సాయంత్రం విద్యార్థులూ అధ్యాపకులూ కూడినచోట ఠాగూర్ తన పాట ఒకటి పాడారు. పాట అప్పటికి కొత్తదేమీ కాదు. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభల్లో దాన్ని పాడారు. బెంగాల్లో తెలిసిన పాటే. రాయలసీమ పిల్లలకు మాత్రం అది తెలియని భాష, తెలియని బాణీ. అయినా చరణం చివర జయకారం వచ్చేసరికి వాళ్ళు ఆగలేక గొంతు కలిపారు. ఆ తరువాతి రోజుల్లో మార్గరెట్ పాటను స్వరలిపిలోకి ఎక్కించారు. ఠాగూర్ స్వదస్తూరీతో దాన్ని ఇంగ్లీషు చేసి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి, కింద మదనపల్లె పేరూ 1919 ఫిబ్రవరి 28 తేదీ వేశారు.

జాతీయగీతం బాణీ మదనపల్లెలోనే పుట్టిందని మనవాళ్ళు తరచూ అంటుంటారు. అభిమానంతో అనే మాటే అయినా సరిదిద్దుకోవాలి. బాణీ ఠాగూర్‌ది. ఆయన గొంతులోనే అది మదనపల్లె చేరింది. ఇక్కడ జరిగిన పని వేరు, దాని విలువ తక్కువేమీ కాదు.

ఆ పని ఎంత కష్టమో ఒక్కసారి దగ్గరగా చూడండి. మన పాటలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళతాం. స్వరం చుట్టూ కంపనం ఉంటుంది, స్వరానికి ముందు ఒక స్పర్శ ఉంటుంది. పియానో మీద జారుడు పలకదు. ఒక మెట్టు నొక్కితే ఒక స్వరం, పక్క మెట్టు నొక్కితే పక్క స్వరం. ఐదు గీతల మీద చుక్కలు పెట్టి రాసే పాశ్చాత్య స్వరలిపి కూడా అలాంటిదే. చుక్క గీత మీదైనా ఉండాలి, రెండు గీతల మధ్యనైనా ఉండాలి. కాబట్టి రాసే మనిషి అడుగడుగునా తేల్చుకోవాలి: ఏ సంగతి ఉంచాలి, ఏది వదలాలి, ఏ అక్షరం దగ్గర స్వరాన్ని ఎంతసేపు నిలపాలి. ఎక్కువ సంగతులు రాస్తే గుంపుగా పాడలేరు. మరీ తగ్గిస్తే పాట చప్పబడిపోతుంది. ఐర్లండ్ రాయల్ యూనివర్సిటీలో 1902లో సంగీత పట్టా పుచ్చుకున్న మార్గరెట్‌కు పియానోతో చిన్ననాటి నుంచీ పరిచయం. ఆ చదువంతా ఇక్కడ పనికొచ్చింది. ఒక కవి గొంతులో ఉన్న పాట, చూసి ఎవరైనా పాడుకోగల కాగితంగా మారింది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దాన్ని జాతీయగీతంగా స్వీకరించింది. ఇవాళ 52 సెకన్లలో దేశమంతా ఒకే తీరుగా పాడుతోంది. ఆ రూపం వెనుక ఎన్నో చేతులున్నాయి. అందులో ఒక చేయి మదనపల్లెలో ఉండేది.

మార్గరెట్ జీవితం స్వరలిపితో ముగిసిపోలేదు. 1878లో ఐర్లండ్‌లోని బోయిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘం పెట్టారు. ఆ పోరాటంలో 1910లో లండన్ హాలోవే జైలుకు, 1913లో ఐర్లండ్‌లోని టలమోర్ జైలుకు వెళ్ళారు. 1915లో దంపతులిద్దరూ ఇండియాకు వచ్చారు. మదనపల్లెలో ఆమె స్త్రీలను ఒకచోట చేర్చి సమాజం నడిపారు. 1917లో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు ముందువరుసలో ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఓటుహక్కు అడిగింది. ఆ రాయబారాన్ని కూడగట్టింది మార్గరెటే. 1927లో పుణెలో అఖిల భారత మహిళా సభ మొదలవడానికీ ఆమె చొరవే కారణం. 1932లో వాక్స్వాతంత్ర్యం కోసం మాట్లాడినందుకు వెల్లూరు జైల్లో ఏడాది శిక్ష పడింది. 1943 తర్వాత పక్షవాతంతో మంచాన పడి, 1954లో కన్నుమూశారు. కచేరీలు చేసుకుంటూ పేరు తెచ్చుకోగల చదువు ఉండి, ఆ జీవితాన్ని పక్కన పెట్టారు. ఎవరి గొంతు వినబడటం లేదో వాళ్ళ గొంతు వినిపించే చోట్లు కట్టారు.

ఇదే తోవలో నడిచిన ఒక అమెరికా గాయని గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బెవర్లీ సిల్స్ కొలొరటూరా సొప్రానో. పాశ్చాత్య గేయనాటకమైన ఒపేరాలో ఆడవాళ్ళ గొంతుల్లో పైస్థాయి సొప్రానో. అందులోనూ తారస్థాయిలో, మన విద్వాంసులు బిర్కాలు వేసే వేగంతో స్వరాలు దొర్లించే గొంతును కొలొరటూరా అంటారు. మొజార్ట్ 1791లో రాసిన ‘ది మ్యాజిక్ ఫ్లూట్’లో రాత్రి రాణి పాత్ర ఇలాంటి గొంతు కోసమే రాసినది. మైకు ఉండదు. వాద్యబృందం మోత దాటి గొంతు చివరి వరుస దాకా వెళ్ళాలి. దానికి మొదట కావలసింది ఊపిరి మీద పట్టు.

సిల్స్ 1929లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే రేడియోలో పాడారు. ఎస్టెల్ లీబ్లింగ్ దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. న్యూయార్క్ సిటీ ఒపేరా తలుపు మళ్ళీ మళ్ళీ తట్టి 1955లో చోటు సంపాదించారు. 1959లో కూతురు పుట్టింది. ఆ పాపకు వినికిడి లేదని తేలింది. రెండేళ్ళకు పుట్టిన కొడుక్కు తీవ్రమైన ఎదుగుదల సమస్యలు. గొంతే వృత్తి అయిన తల్లికి, ఆ గొంతు ఎన్నటికీ వినలేని బిడ్డ. కొంతకాలం పాట పక్కన పెట్టి పిల్లలతో ఉన్నారు. తిరిగి వచ్చాక 1966లో హాండెల్ ‘జూలియో చెజారే’లో క్లియోపాత్రాగా పాడినప్పుడు గాని లోకం ఆమె వైపు తిరిగి చూడలేదు. అప్పటికి 37 ఏళ్ళు. 1969లో మిలాన్‌లోని లా స్కాలాలో పాడారు. సొంత ఊరి మెట్రోపాలిటన్ ఒపేరాలో అడుగు పెట్టేసరికి 1975, వయసు 45.

ఆమె పాడిన పాత్రల్లో వెర్డీ ‘లా త్రావియాతా’ కథానాయిక వయొలెట్టా ఒకటి. మొదటి అంకంలో పాట పూలజల్లులా కురిపించే ఆ పాత్ర, చివరి అంకంలో క్షయతో కన్నుమూస్తుంది. మదనపల్లె వాళ్ళకు ఈ కథ దూరం కాదు. 1915లో ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం మొదలైన నాటి నుంచి, మందులు దొరకని రోజుల్లో, దక్షిణాది నలుమూలల నుంచి రోగులు మన గాలి కోసం ఇక్కడికి వచ్చారు. ఊపిరి విలువ తెలిసిన ఊరు ఇది. పాడే మనిషి దగ్గర ఉన్న ఆస్తి అంతా ఆ ఊపిరే అనీ, అది ఎన్నాళ్ళో నిలవదనీ ఇక్కడివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

సిల్స్‌కు ఆ సంగతి బాగా తెలుసు. 1980లో, 51 ఏళ్ళకే, గొంతు పూర్తిగా వాడిపోకముందే పాడటం మానేశారు. పాట మానకముందే ఆమె ఎత్తుకున్న పనే మాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. తనను పెంచిన న్యూయార్క్ సిటీ ఒపేరా అప్పుల్లో ఉండగా 1979లో దాని నిర్వహణ తలకెత్తుకుని పదేళ్ళు నడిపారు. విరాళాల కోసం ఊరూరా తిరిగారు. 1985లో గోదాము తగలబడి వేల దుస్తులు బూడిదైనా ఒపేరా ఆగనివ్వలేదు. 1983లో వేదిక పైన తెర కట్టి, పాడుతున్న ఇటాలియన్, ఫ్రెంచి మాటలకు ఇంగ్లీషు అర్థం కనబడేట్టు చేశారు. అర్థం కాక బయట నిలబడిన మామూలు జనం లోపలికి వచ్చారు. కొత్త గొంతులకు అవకాశాలు ఇచ్చారు. తన పాట ఆగింది, పాడే చోటు నిలిచింది.

మన సంగీతంలోనూ ఇలాంటి మనిషి ఉన్నారు. మార్గరెట్ పుట్టిన 1878లోనే నంజనగూడులో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ. కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించి, ప్రభుత్వ నిషేధానికి ఎదురు నిలిచారు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి ఆలనాపాలనా లేక పాడుపడి ఉంటే, కచేరీల్లో సంపాదించిన సొమ్ము పెట్టి గుడి కట్టించారు. 1925లో అది పూర్తయింది. ఆరాధన ఉత్సవంలో ఆడవాళ్ళు పాడకూడదని అడ్డుకుంటే, ఆడవాళ్ళ బృందాన్ని కూర్చి వేరుగా ఉత్సవం జరిపించారు. చివరికి అందరూ ఒక్కటిగా పాడే రోజు వచ్చింది. ఇవాళ పంచరత్న కీర్తనలు పాడుతూ కూర్చునే ప్రతి స్త్రీ నాగరత్నమ్మకు రుణపడి ఉంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. చిత్తూరు పడమటి మండలాల్లో పాటకు కొరత లేదు. పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు ఎండాకాలం భారతాలు మొదలైతే పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజున చెట్టంత స్తంభం మీద వేషగాడు మెట్టు మెట్టుకూ పద్యం ఎత్తుకుంటాడు. కింద హార్మోనియం, మద్దెల అందుకుంటాయి. మైకులు రాకముందు తెల్లవార్లూ ఊరంతా వినబడేట్టు పాడిన గొంతులవి. ఆ బలం ఏ ఒపేరా మందిరంలో గొంతుకూ తీసిపోదు. ఇక ఇళ్ళల్లో, పొలాల్లో ఆడవాళ్ళ పాటలు: నాట్ల పాటలు, లాలిపాటలు, గొబ్బిపాటలు, పెళ్ళిలో తలంబ్రాల పాటలు, మంగళహారతులు. కుప్పం పొలిమేరల్లో తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే ఇంట్లో వినబడతాయి. ఒక భాష పాట ఇంకో భాష వరసలో ఒదిగిపోతుంది. అలాంటి వరసలు ఆ ఎల్లల్లోనే దొరుకుతాయి.

వీటిలో ఎన్నింటికి స్వరలిపి ఉంది? ఎన్ని శబ్దరూపంలో భద్రంగా ఉన్నాయి? మాటలు అచ్చు వేసిన సంకలనాలు కొన్ని ఉన్నాయి. మాటలు దొరికినా వరస దొరకకపోతే పాట సగమే దొరికినట్టు. వరస తెలిసిన పెద్దామె పోతే ఆ మిగిలిన సగం కూడా పోతుంది. ఫోన్లో తీసిన వీడియోలు నాలుగు రోజులు తిరిగి కనబడకుండా పోతాయి. పాడిన మనిషి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంది అన్న వివరం వాటితో ఉండదు. ఇది ఎవరో ఒకరి నిర్లక్ష్యం అని వేలు చూపించడం మా ఉద్దేశం కాదు. ఈ పని మనదని మనం అనుకోలేదు, అంతే.

అనుకుంటే దారులున్నాయి. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ద్రావిడ భాషలన్నిటినీ ఒకచోట చదవడానికే పుట్టిన సంస్థ అది. మూడు భాషలు కలిసే చోట జానపద స్వరాల భాండాగారం పెట్టడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు. మదనపల్లె, పుంగనూరు కాలేజీల్లో సంగీతం తెలిసిన అధ్యాపకులూ విద్యార్థులూ సెలవుల్లో ఒక్కొక్క ఊరు తీసుకుని పాటలు సేకరించవచ్చు. పాడే మనిషి అనుమతి అడగాలి. పేరూ ఊరూ రాసుకోవాలి. పాటను శుభ్రంగా రికార్డు చేయాలి. ఆ వెనక కూర్చుని సరిగమల్లో రాయాలి. అలా రాసిన పాటను ఆ ఊరి బడికే తిరిగి ఇచ్చి పిల్లల చేత పాడించాలి. పాట కాగితం మీద పడుకుంటే చాలదు, మళ్ళీ నోటికెక్కాలి. 1919లో మార్గరెట్ రాసిన స్వరాలు నిలవడానికి కారణం వాటిని విద్యార్థులు పాడటమే.

ఏటా ఫిబ్రవరి 28 వస్తే సభలు పెట్టుకుంటాం. మంచిదే. ఈసారి సభలో జాతీయగీతంతో పాటు, సభ జరిగే ఊరి పెద్దామె పాట ఒకటి స్వరలిపితో సహా పిల్లలు పాడాలని మా కోరిక. ఇందుకు మా వంతుగా వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు పక్కన పెడుతున్నాం. మాటలు, స్వరాలు, పాడినవాళ్ళ పేరు, రాసుకున్నవాళ్ళ పేరు నాలుగూ ఉన్న పాటలు పంపండి. పాడినవాళ్ళ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తామో, రాసిపెట్టినవాళ్ళ పేరూ అంతే పెద్ద అక్షరాల్లో వేస్తాం.