ముందు చక్రాలు లేచినప్పుడు

ఎండలు ముదరకముందే ఒక ఆదివారం బేతంచెర్ల వైపు ఒక పల్లెకు ఆరాధనకు వెళ్ళాము. 2022 వరకు అది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. మా నోటికి మాత్రం ఇంకా కర్నూలు అనే వస్తుంది. ఆ ప్రాంతమంతా నాపరాతి గనులు. ఇంటి గోడ నాపరాయి, పైకప్పు నాపరాయి, వాకిట్లో అరుగూ నాపరాయే. గనుల అంచున పనికిరాని రాళ్ళు, మట్టి ఏళ్ళ తరబడి పోయగా పోయగా చిన్న గుట్టలంత దిబ్బలు లేచాయి.

ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఇంట్లో భోజనం. సంగటి కలుపుతూ ఉండగా బయట ఏదో యంత్రం గర్జించింది. పిల్లలంతా పరుగెత్తారు. మా ఇంటివారు నవ్వి, "మీరూ పోండి, కోడి పులుసు ఎక్కడికీ పోదు" అన్నారు. వెళ్ళాము.

పెద్దాయన పెద్ద మనవడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితునిదట, ఒక వింత బండిని చిన్న లారీలో వేసుకొని వచ్చాడు. మోటారు సైకిలు వంటి హ్యాండిలు, ఒక్కరికే సీటు, నాలుగు లావుపాటి చక్రాలు. క్వాడ్ అంటారట. ఊళ్ళో పిల్లలు అప్పటికే "నాలుగుకాళ్ళ బండి" అని పేరు పెట్టేశారు.

ఈ బండ్ల చరిత్ర కొంత చెప్పాలి. మొదట వచ్చినవి మూడు చక్రాలవి. జపాను కంపెనీ హోండా 1970లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. ఇసుకలో, మంచులో బాగా తిరిగేవి గాని మలుపులో సులభంగా బోల్తాపడేవి. చిన్నపిల్లల ప్రాణాలు చాలా పోయాయి. చివరకు 1988లో అమెరికా ప్రభుత్వానికీ కంపెనీలకూ ఒప్పందం కుదిరి, కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. అప్పటికే సుజుకీ వంటి కంపెనీలు నాలుగు చక్రాలవి తెచ్చాయి. వీటిలో మళ్ళీ రెండు రకాలు. పొలం పనికి వాడేది బరువైనది, నిదానమైనది. రెండవది ఆటకు, పందేనికి చేసినది. తేలిక, వేగం ఎక్కువ, చేతి క్లచ్చు, గొలుసుతో వెనుక చక్రాలు మాత్రమే తిరుగుతాయి. మేము చూసింది ఆ రెండవ రకం. ఇటువంటి ఆట బండిని మన రోడ్ల మీద నడపడానికి సాధారణంగా రిజిస్ట్రేషన్ ఉండదు. అందుకే లారీలో వచ్చింది.

పెద్ద మనవడు హెల్మెట్టు పెట్టుకొని, గని పక్కన చదునుగా ఉన్న చోట రెండు చుట్లు తిప్పాడు. మూడవ చుట్టులో శరీరాన్ని వెనక్కు వాల్చి యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పేసరికి ముందు చక్రాలు రెండూ గాలిలోకి లేచాయి. గుర్రం ముందుకాళ్ళు ఎత్తినట్టు ఉంది. అలాగే ఇరవై ముప్పై గజాలు పోయి మెల్లగా దించాడు. పిల్లలు ఈలలు వేశారు. దాచడం ఎందుకు, మేమూ చప్పట్లు కొట్టాము. నింషీ కుమారుడైన యెహూను రథం తోలే తీరును బట్టి బురుజు మీది కావలివాడు దూరం నుంచే ఆనవాలు పట్టాడు కదా, ఈ అబ్బాయినీ అలాగే పట్టవచ్చు అని పక్కనున్న ఉపాధ్యాయునితో అన్నాము కూడ.

పదవ తరగతి చదివే చిన్న మనవడు అన్న చేయి పట్టుకొని, "నేను ఆ దిబ్బ ఎక్కిస్తా, ఒక్కసారి ఇయ్యి" అని బతిమాలసాగాడు. అన్న నవ్వుతూ హెల్మెట్టు తీసి ఇవ్వబోయాడు. అప్పుడు వెనుక నుంచి పెద్దాయన గొంతు వినబడింది.

"ఒరేయ్, దాన్ని ఆపు. ముందు ఇద్దరూ దిబ్బ మీదికి నడిచి ఎక్కండి. అవతల ఏముందో చూసి రాండి."

నడిచి ఎక్కారు. మేమూ ఆయాసపడుతూ వెనకే ఎక్కాము. పైన పట్టుమని పది అడుగుల జాగా లేదు. అవతల నిట్టనిలువునా పాత గని. అడుగున ఎన్నాళ్ళనుంచో నిలిచిన పచ్చటి నీళ్ళు. కింద నుంచి చూస్తే ఇదేమీ కనబడదు. మిట్ట ఎక్కే బండికి చివరి దాకా యాక్సిలరేటరు తగ్గించకూడదు, తగ్గిస్తే ఆగిపోతుంది. ఆ ఊపుతో పైకి వచ్చినవాడు ఎక్కడ ఆగుతాడు? చిన్నవాడు ఏమీ మాట్లాడలేదు. చప్పట్లు కొట్టిన మా చేతులను ఎక్కడ పెట్టుకోవాలో మాకు తెలియలేదు.

కిందికి వచ్చాక పెద్దాయన రాతి మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళ పరిచయంలో మాకు చెప్పని సంగతి ఆ రోజు చెప్పాడు. ఆయన తమ్ముడు ట్రాక్టరు కింద పడి చనిపోయాడని మాత్రమే మేము ఎరుగుదుము. ఎలాగో ఎరుగము.

"కాలవ కట్ట మీదికి నాపరాళ్ళ ట్రాలీ ఎక్కించాల. నేను కింద నిలబడి చక్రాలకు రాళ్ళు పెడతాండా. వెనక చక్రం గుంటలో ఇరుక్కున్యాది. మావాడు ఎక్కువ రేజు చేసి క్లచ్చు ఠక్కున ఇడిసినాడు. ముందు చక్రాలు లేసినాయి. ఓరి నీ, అనేలోపల తిరగబడె. అంతే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వెనుక చక్రం నేలలో ఇరుక్కొని తిరగలేకపోతే, ఇంజను శక్తి చక్రాన్ని తిప్పడం మాని ట్రాక్టరు ఒళ్ళంతటినీ ఇరుసు చుట్టూ తిప్పుతుంది. మిట్ట మీద బరువు ముందే వెనక్కు జారి ఉంటుంది. గొలుసును డ్రాబారుకు గాక అంతకన్న ఎత్తులో కడితే ఇంకా ప్రమాదం. లేవడం మొదలయ్యాక వెల్లకిలా పడడానికి సుమారు ఒకటిన్నర సెకను చాలునంటారు. దిగి దూకే వ్యవధి లేదు. ఉన్న ఉపాయమల్లా వెంటనే క్లచ్చు తొక్కడమే. తొక్కితే ముందుభాగం దానంతటదే కిందికి వస్తుంది. అందుకే ఎరిగినవారు అంతటి మిట్ట అయితే ట్రాలీ లేకుండా రివర్సులో ఎక్కిస్తారు. డ్రైవరు తలపైన గట్టి ఇనుప చట్రం, సీటు బెల్టు ఉన్న ట్రాక్టరు తిరగబడినా మనిషి బతికే అవకాశం ఎక్కువ. మన పల్లెల్లో ఎన్ని ట్రాక్టర్లకు అవి ఉన్నాయో పాఠకులే చూసుకోవాలి. కుడి ఎడమ బ్రేకులను కలిపే గొళ్ళెం కూడ చాలామంది వేయరు.

పెద్ద మనవడు మెల్లగా అన్నాడు, "తాతా, నేను చేసిందీ అదే గదా."

"అదే. నీ కాలు యాడుంది అప్పుడు?"

"వెనక బ్రేకు మీద."

"అయితే నీకు కొంచెం తెలుసు" అన్నాడు ముసలాయన.

కొంచెం కాదు, ఆట అంతా అక్కడే ఉంది. ముందు చక్రాలు ఒక హద్దు దాటి లేస్తే బండి మనిషి మీదికే వస్తుంది. కుడికాలితో వెనుక బ్రేకు తాకితే ముందుభాగం దిగుతుంది. కాలు బ్రేకు మీద లేనివాడు ఆ విద్య జోలికి పోరాదు. ఈ బండి 150 నుంచి 200 కిలోలు ఉంటుంది, అది గుండెల మీద పడితే చెప్పేదేముంది?

పెద్దాయన ఆట వద్దనలేదు. ఇది మాకు ఆశ్చర్యం. మేమైతే తాళంచెవి లాక్కొని ఉండేవారము. ఆయన ఊరికి ఇవతల అవతలివైపు చదునుగా ఉన్న ఎర్రమట్టి మిట్ట ఒకటి చూపించి, అక్కడ ఎక్కమన్నాడు. మనవడు రెండవ గేరులో, సీటు మీద ముందుకు జరిగి, ఛాతీ హ్యాండిలు మీదికి వంచి, తిన్నగా పైకి పట్టించాడు. ముప్పాతిక ఎక్కాక చక్రాలు మట్టిలో జారి ఇంజను ఆగిపోయింది. ఇక్కడే చాలామంది హ్యాండిలు పక్కకు తిప్పి దిగబోతారు. ఈ బండికి వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి, వెడల్పు తక్కువ. వాలుకు అడ్డం తిరిగిందా, దొర్లడమే. మనవడు బ్రేకులు బిగబట్టి, పైవైపుకు దిగి, గేరులో నిలిపి, తమ్ముణ్ణి కింద నిలబడవద్దని కేక వేశాడు. నలుగురు పెద్దవాళ్ళు పక్కల నుంచి పట్టి అడుగు అడుగుగా దించారు. రెండవసారి ఎక్కాడు.

చిన్నవానికి మాత్రం ఇవ్వలేదు. వాడు అలిగాడు. వానికి పదిహేనేళ్ళు. అమెరికాలోనే 90 సి.సి. మించిన ఇంజనును పదహారు నిండనివారికి ఇవ్వరాదని 1988 నాటి ఒప్పందంలోనే వ్రాసుకున్నారు. మన సంగతికి వస్తే, ఆ పిల్లవాడే వారంలో ఆరు రోజులు ఇంటి మోటారు సైకిలు మీద ట్యూషనుకు పోతున్నాడని వాళ్ళమ్మ అప్పుడు చెప్పింది. ఇది ఎక్కువ ఇళ్ళ సంగతి గనుక వ్రాస్తున్నాము. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షను ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తండ్రికి లేక బండి యజమానికి పడుతుంది. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవానికి ఇరవై ఐదు నిండేదాకా లైసెన్సు రాదు. ఇది చదివి వినిపిస్తే ఆ తల్లి, "మాకెవరూ చెప్పలేదు అయ్యగారూ" అన్నది. మేమూ ఆ సంఘానికి ఎన్నోసార్లు వెళ్ళాము, ఒక్కసారీ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే వీధి మలుపులో పెద్దాయన మరదలు నిలబడి ఉంది. ఆరాధనలో ఎప్పుడూ తలుపు పక్కన కూర్చునే అవ్వ. నలభై ఏళ్ళుగా ట్రాక్టరు చప్పుడు వింటే ఇంట్లోకి వెళ్ళిపోతుందని ఆ రోజే తెలిసింది. ఈ చప్పుడుకు మాత్రం బయటికి వచ్చింది. పెద్ద మనవడు ఇంజను ఆపి దిగాడు. ఆమె దగ్గరికి వచ్చి, ముందు చక్రం మీద చేయి వేసి అటూ ఇటూ ఊపి చూసింది.

"ఇది బలే తేలిగ్గుందే నాయనా" అన్నది. తరువాత పెద్దాయన వైపు చూసి, "బావా, వాళ్ళకు చెప్పినావా?" అని అడిగింది.

"చెప్పినా."

"సరే. రాండి, సంగటి చల్లారిపోతాంది."